ధర్మపురిలో ఒక వీరుడి వీపు

ధర్మపురి వెళ్లొచ్చాను అనగానే మా హిందూపురంలో సగం మంది ప్రసాదం కోసం చెయ్యి చాచారు. వాళ్లనుకున్నది గోదావరి ఒడ్డున నరసింహస్వామి ఉన్న ధర్మపురి. నేను వెళ్లింది తమిళనాడులో, కృష్ణగిరికీ సేలానికీ మధ్య ఉన్న ధర్మపురికి. అక్కడి నుంచి నేను తెచ్చింది రెండు కిలోల చింతపండు మాత్రమే. ఆ తూకం మీద కూడా నాకింకా అనుమానం తీరలేదు.

అనుమానం నాకు వృత్తిరోగం. రోడ్ల శాఖలో పనుల తనిఖీ చేసి రిటైరయ్యాను. దేవుడు ప్రత్యక్షమైనా మీరు ముందు ఆధార్ కార్డు అడుగుతారని మా ఆవిడ అంటుంది. అడిగితే తప్పేముందని నేనంటాను.

బయల్దేరడానికి కారణం

మా మేడమీద గది కడుతున్న మేస్త్రీ మునిరాజుది ధర్మపురి పక్కన ఇండూరు. ఎన్నో తరాల కింద అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్లది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మాట చక్కగా వస్తుంది గానీ తెలుగు అక్షరం ఒక్కటి చదవలేడు. పని మాత్రం నాలాంటివాడు కూడా వంక పెట్టలేనంత బాగా చేస్తాడు.

ఒకరోజు గోడకు పూత సగంలో ఉండగా తాపీ కడిగేసి నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సార్, మా నడుకల్లును తీసకపోయి టౌనులో గోడలో పెట్టేసినారంట. నేను పోవాల."

నడుకల్లు అంటే మనం వీరగల్లు అంటామే, అదే. పోరాటంలో చచ్చిన మనిషి బొమ్మను చెక్కి నిలబెట్టే రాయి. ఆ రాయి తమ వంశపు మూలపురుషుడిదని మునిరాజు చెప్పాడు. ఇండూరు బయట ఎవరిదో పొలం గట్టున ఉండేదట. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు జేసీబీతో పెకలించి, ధర్మపురిలో యుద్ధవీరుల స్తూపం దగ్గరికి తరలించారట.

పని ఎగ్గొట్టడానికి మేస్త్రీలు చెప్పే కారణాలు నేను ఉద్యోగమంతా విన్నాను. ఒకే అవ్వ నాలుగుసార్లు చనిపోవడం కూడా చూశాను. రాయి కోసం ఊరికి పోతాననడం మాత్రం అదే మొదటిసారి. నా మొహం చూసి మునిరాజుకు సంగతి అర్థమైంది.

"నమ్మకపోతే మీరే వచ్చి చూసుకోండి సార్" అన్నాడు.

ఈ మాట ఎవరైనా అవతలివాడు రాడన్న ధైర్యంతోనే అంటారు. వారం గడిచినా మునిరాజు తిరిగి రాకపోయేసరికి నేను సంచీ సర్దాను.

కారిమంగళంలో టైరు

బెంగళూరు దాటి, కృష్ణగిరి దాటి, ఇక ధర్మపురి వచ్చేసినట్టే అనుకుంటుండగా కారిమంగళంలో బస్సు టైరు గాలి తీసేసింది. సరిగ్గా బజ్జీల కొట్టు ముందు. డ్రైవరూ కొట్టువాడూ పలకరించుకున్న తీరు చూస్తే టైరుకు ముందే చెప్పి పెట్టారేమో అనిపించింది. అయినా అరటికాయ బజ్జీలు తిన్నాను. బాగున్నాయి. టీ పన్నెండు రూపాయలు, గ్లాసు మాత్రం మన ఊళ్లో దానికన్నా చిన్నది.

ఆ రోజు సంత. మేకలు, కొబ్బరికాయలు, మట్టికుండలు. ఒక వరసంతా చింతపండే. ఒక పెద్దామె గంపల వెనక కూర్చుని నన్నే చూస్తోంది.

"ఆంధ్రావాళ్లా మీరు? ఫోనులో మాట్లాడతా ఉంటే విన్నాను. మేమూ తెలుగోళ్లమే" అంది.

ఊరుగాని ఊళ్లో తెలుగు వినిపిస్తే ప్రాణం లేచొస్తుంది కదా. నేను కూడా మురిసిపోయి రెండు కిలోలు కట్టమన్నాను. తర్వాత గానీ గుర్తు రాలేదు, తిరుగు ప్రయాణంలో కొంటే మోసే బాధ తప్పేదని. భాషాభిమానం మీద వ్యాపారం చేసే మనిషి దొరికింది అనుకున్నాను.

స్తూపం సంగతి అడిగితే ఆమె గొంతు తగ్గించింది.

"ఆ గొడవలోకి మనం పోకూడదు సామీ. ఆ కూడలిలో ఏది పెట్టినా ఎవరికో ఒకరికి మంట. ఇప్పుడు పోలీసును కూర్చోపెట్టినారు."

రాతి బొమ్మకు పోలీసు కాపలా ఉందంటే, అక్కడ ఏదో కాపాడవలసింది ఉందన్నమాట. లేదా దాచవలసింది. మిగిలిన దారంతా అదే ఆలోచన.

కూడలి

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. స్తూపం ఎదురుగా టీ కొట్టు ఉంది. చిత్తూరు జిల్లాలో పనిచేసిన రోజుల్లో తమిళం నా చెవికి పట్టింది. అర్థమవుతుంది, మాట్లాడితే మాత్రం నవ్వుతారు. కొట్టాయన నవ్వు ఆపుకుంటూనే నాకు ఆ స్తూపం చరిత్రంతా చెప్పాడు. దాంట్లో ఎంత నిజమో ఆయనకే తెలియాలి.

తెల్లదొరల కాలంలో, ఈ చుట్టుపక్కల నుంచి సముద్రాలు దాటి యుద్ధానికి పోయి తిరిగి రానివాళ్ల కోసం మొదట ఒక రాతి స్తంభం నిలబెట్టారట. స్వతంత్రం వచ్చాక, దొరల కోసం చచ్చినవాళ్లకు స్తంభం ఏమిటని కొందరు గొడవ చేస్తే, దాని మీది అక్షరాలను సున్నంతో పూసేశారు. చచ్చినవాళ్ల ఇళ్లవాళ్లు రాత్రికి రాత్రి ఆ సున్నం గీకేసేవారట. ఇలా కొన్నాళ్లు పూయడం, గీకడం జరిగింది. తర్వాత ఆ స్తంభం పక్కనే ఒక సిమెంటు సిపాయిని పెట్టారు. ఆ సిపాయి మీసం ఫలానా కులంవాళ్ల మీసంలా ఉందని ఒక పక్షం, తలపాగా ఫలానావాళ్లదని ఇంకో పక్షం. ఒకరోజు తుపాకీ విరిగింది. ఎవరు విరిచారో ఇప్పటికీ తేలలేదు. అందుకే చేతిలో ఇప్పుడు ఇనుప కమ్మీ ఉంది.

చివరికి ఊరి పెద్దలు కమిటీ వేసి ఒక ఉపాయం ఆలోచించారు. పేరూ ఊరూ లేని పాతకాలపు వీరుణ్ణి తెచ్చి పెడితే ఏ గొడవా ఉండదు, అందరికీ వీరుడే. అలా ఇండూరు రాయి వచ్చింది. వచ్చిన వారానికే ఆ వీరుడు మా రాజు కోసం చచ్చాడని ఒకరు, కాదు ఆ రాజును ఎదిరించే చచ్చాడని ఇంకొకరు జెండాలు పాతారు. పేరు లేకపోవడంతో ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకున్నారు. బోర్డు ఇప్పటికి మూడుసార్లు మారిందని, నాలుగోది గుడ్డ కప్పి ఉందని కొట్టాయన చూపించాడు. మర్నాడు సాయంత్రం ఎవరో పెద్దమనిషి వచ్చి ఆ గుడ్డ తీస్తాడట.

టీ ముగించి రోడ్డు దాటాను. నిలువెత్తు అర్ధచంద్రాకారపు గోడ, దాని మధ్యలో రాయి. రాతి మీద విల్లు పట్టిన మనిషి, ఛాతీలో బాణాలు, వెనక రెండు ఆవులు. మందను కాపాడబోయి చచ్చినవాడని నాకర్థమైంది. పోలీసు కుర్చీలో కునుకుతున్నాడు. నేను గోడ వెనక్కి వెళ్లాను. అక్కడ చేతిలో తాపీతో మా మునిరాజు పని చేస్తున్నాడు.

నాకు ఒళ్లు మండింది.

"ఏం మునిరాజూ, మీ రాయిని ఎత్తుకుపోయారని ఏడుస్తూ వచ్చావు. ఆ గోడ కట్టేది నువ్వేనా?"

"నేనే సార్. ముందర పక్క వేరేవాళ్లు చేసినారు. ఎనక పక్క పని నేను అడిగి తీసుకొన్నాను."

"కూలి బాగా ఇస్తున్నారా?"

"మీరిచ్చేదానికంటే తక్కవే సార్."

తక్కువ కూలికి పనొదిలి వచ్చాడంటే నాకు ఇంకా అనుమానంగా తోచింది. ఈలోగా తెల్లపంచె, తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన వచ్చాడు. కమిటీ సెక్రటరీ. కుప్పం వైపు చింతపండు వ్యాపారం చేసినవాడట, తెలుగు బాగానే వచ్చు. నేను ఫలానా శాఖలో పనిచేశానని చెబితే ఎంతో మర్యాద చేశాడు. మునిరాజు ఇటుకల కోసం అటు వెళ్లగానే నా చెవి దగ్గరికి వంగాడు.

"ఇతని కుటుంబం రాయి తమదని వచ్చిందండి. మేము అన్యాయంగా పోలేదు. మీదే అయితే దాని మీద ఏముందో చెప్పండి అని అందరి ముందూ అడిగినాము. ఇతని అమ్మ గుర్రం ఉందనింది. ఇతను చేతిలో కత్తి ఉందన్నాడు. మీరు చూసినారు కదా, ఎక్కడుంది గుర్రం?"

గుర్రమూ లేదు, కత్తీ లేదు. తరతరాలుగా మొక్కుతున్న రాయి మీద ఏముందో తెలియని భక్తులు! నాకు లోపల కొంచెం తృప్తి కూడా కలిగింది, దాచుకోవడం ఎందుకు. హిందూపురంలో కూర్చుని నేను అనుకున్నదే నిజమైంది.

ఇండూరులో సంగటి

మధ్యాహ్నం మునిరాజు అన్నానికి ఇంటికి రమ్మన్నాడు. దొంగ దొరికాక విచారణ మిగిలి ఉంటుంది కదా, వెళ్లాను.

రేకుల ఇల్లు. వాళ్లమ్మ మునెమ్మ రాగి ముద్ద, ఆకుకూర ఉడికించి మెదిపిన మసిపుడు వడ్డించింది. మేము సంగటిలో చెనిక్కాయల చట్నీ నంజుకుంటాం. వీళ్లు ముద్ద మధ్యలో గుంట చేసి కూర పోసుకుంటారు. అన్నం కలపకుండా ఉత్త రాగిపిండితో చేస్తారు కాబట్టి ముద్ద గట్టిగా ఉంటుంది. నేను నమలబోతే మునెమ్మ నవ్వింది. "నమలకూడదు నాయనా, మింగాల" అంది.

మునిరాజు కూతురు రేవతి మూలన పెట్టె సర్దుకుంటోంది. ఇరవై దాటిన పిల్ల, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. సరిహద్దు కాపలా ఉద్యోగానికి ఎంపికైందట. శిక్షణ ఉత్తరాదిలో. మర్నాడు సాయంత్రం బొమ్మిడిలో రైలెక్కి చెన్నై పోయి, అక్కడి నుంచి వెళ్లాలి. వాళ్ల వంశంలో సేలం దాటి పోయిన ఆడపిల్లే లేదట.

ముద్ద మింగాక నేను అసలు సంగతికి వచ్చాను.

"ఏమ్మా, రాయి మీద గుర్రం ఉందన్నావట?"

"మా అత్త అట్లనే చెప్పింది."

"నువ్వు చూడలేదా?"

"చూడకూడదు కదా నాయనా."

నాకు అర్థం కాలేదు. మునెమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి నా ముందు కూర్చుంది. చిన్నపిల్లలకు చెప్పినట్టు నిదానంగా చెప్పింది.

"ఆయప్ప ముందర నిలబడినోళ్లు ఎవరు? చంపేకి వచ్చినోళ్లు. ఆయప్ప ఎనకాల ఉండిందెవరు? పెండ్లాము, బిడ్డలు, మంద. మేము ఎనకాల ఉండినోళ్ల వంశం. మావాళ్లెవరూ ముందరికి పోరు. పోతే పగవాళ్లమైపోతాము. పసుపూ కుంకుమా అన్నీ వీపుకే. మా అత్తా చూడలేదు, వాళ్లత్తా చూడలేదు. గుర్రం ఉండాదని ఎవరు చెప్పినారో ఏమో."

"మరి లారీలో ఎక్కించేటప్పుడైనా?"

"మేము తల తిప్పుకొన్నాము" అంది.

ఇంకో ఆచారం కూడా ఉంది. ఆ ఇంటి నుంచి దూరం పోయేవాళ్లు, పెళ్లై పోయే ఆడపిల్లయినా, కూలికి పోయే మగవాడైనా, బయల్దేరే ముందు ఆ రాయి వీపుకు తమ వీపు ఆనించి కాసేపు నిలబడాలి. రాయి ముందు వైపు చూసుకుంటుంది, పోయేవాళ్లు ఇటు వైపు చూసుకుంటారు. మునెమ్మ చెరుకు కోతలకు పోయేటప్పుడు నిలబడింది. మునిరాజు బెంగళూరుకు పోయిన ప్రతిసారీ నిలబడ్డాడు.

"మీ ఇంటికి వచ్చేటప్పుడు కూడా ఆనుకొనే వచ్చినాను సార్" అన్నాడు.

రేవతి పెట్టె మూసి అప్పుడు నోరు విప్పింది.

"నాకు రాయి తిరిగి ఇచ్చేయాలని కూడా లేదు సార్. పోయే ముందు ఒకసారి ఆనుకొని పోవాల, అంతే. పర్మిషన్ అడిగితే, మీదని ప్రూఫ్ చూపించండి అంటారు."

అందుకే మునిరాజు వెనక పని అడిగి తీసుకున్నాడు. రాయి వెనకున్న మేరకు ఇటుకలను సిమెంటు లేకుండా ఊరికే పేర్చి పెట్టాడు. తడి ఆరాలని సెక్రటరీకి చెబుతూ రోజులు గడుపుతున్నాడు. రేపు గుడ్డ తీసే పని ఉంది గనుక రేపటికి మూసేయక తప్పదు. ఆలోగా ఈ పిల్ల వీపు ఆనించాలి.

ఇదంతా విన్నాక మీరైతే కరిగిపోయి ఉండేవారేమో. నేను బస్సులో టౌనుకు తిరిగి వస్తూ లెక్కలే వేశాను. పరీక్షలో ఓడిపోయాక అల్లిన కథ కాదని నమ్మకం ఏమిటి? ఎదుటి పక్షం వాళ్లెవరో వీళ్లచేత నాటకం ఆడించడం లేదని ఏముంది? అబద్ధమాడేవాడు ఒకసారి చాటుగా వెళ్లి రాయి చూసి వచ్చి ఆడతాడు కదా, గుర్రం అని ఎందుకంటాడు అన్న ప్రశ్న మాత్రం గొంతులో రాగి ముద్దలా అడ్డం పడింది.

గోడ వెనక

మూడో రోజు మధ్యాహ్నం కమిటీవాళ్లందరూ బిరియానీ తినడానికి వెళ్లారు. పోలీసు కూడా వెళ్లాడు. గోడ వెనక మురుగుకాలువకూ గోడకూ మధ్య ఇద్దరు పక్కపక్కన నడిచేంత సందు ఉంది. మునెమ్మ ఒక నిండు గోనెసంచి మీద కూర్చుంది. రేవతి చెప్పులు విప్పింది. మునిరాజు పేర్చిన ఇటుకలను ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు.

"కొంచెం ఆగండి" అని ముందు నేను తొంగిచూశాను. నా బుద్ధి అంతే.

రాతి వెనక భాగం మొరటుగా ఉంది. చెక్కడం ఏమీ లేదు. కానీ నడుం ఎత్తు నుంచి తల ఎత్తు దాకా నున్నగా అరిగిపోయి ఉంది. భుజాలు ఆనే చోట రెండు లోతులు. ఆ పైన నల్లగా, జిడ్డుగా, జానెడు వెడల్పున ఒక పట్టీ. వేలితో తాకి వాసన చూశాను. తలనూనె. పొట్టివాళ్ల తలలు తగిలిన చోటు కింద, పొడుగువాళ్లవి తగిలిన చోటు పైన. ఎన్ని తరాల తలలు ఆనితే రాయి అంత నూనె తాగుతుందో నాకు తెలియదు.

మనుషులు తొక్కిన మెట్లూ, మనుషులు కూర్చున్న కల్వర్టు గట్లూ ఎలా అరుగుతాయో నేను జీవితమంతా చూశాను. ఆ అరుగుదలను ఎవరూ ఒక రోజులో పుట్టించలేరు. ముందు వైపు బొమ్మ గురించి అడిగి వీళ్లను అబద్ధాలకోరులని తేల్చారు. నిన్న నేను కూడా లోలోపల మురిశాను. నాకు సిగ్గేసింది.

"రామ్మా" అన్నాను, పక్కకు జరిగి.

రేవతి వెనక్కి తిరిగి వీపు ఆనించింది. భుజాలు ఆ లోతుల్లో కుదురుకున్నాయి. కళ్లు మూసుకోలేదు. ఎదురుగా ఉన్న మురుగుకాలువనూ, అవతల సైకిల్ షాపునూ తేరిపార చూస్తూ నిలబడింది. మునెమ్మ పెదాలు కదులుతున్నాయి. మునిరాజు తాపీ చేత్తో పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. ఆ క్షణంలో నాకు వాళ్ల మీద ఏ అనుమానమూ లేదు. అలాంటి క్షణం నా జీవితంలో అరుదు.

సెక్రటరీ పళ్లు కుట్టుకుంటూ తిరిగి వచ్చింది అప్పుడే.

"ఏం జరుగుతోంది ఇక్కడ?" అన్నాడు.

రేవతి నిదానంగా ముందుకు జరిగి చెప్పులు వేసుకుంది. ఆయనతో నేనే మాట్లాడాను.

"మీకు రుజువు కావాలన్నారుగా. చూడండి."

ఆయన ఖాళీలోకి వంగి చాలాసేపు చూశాడు. చెయ్యి పెట్టి ఆ లోతులు తడిమాడు. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహంలో రంగు మారింది. ఆయనకు అర్థమైందని నాకు అర్థమైంది. ఇక న్యాయం జరుగుతుందనుకుని నేను పప్పులో కాలేశాను.

ఆయన జేబురుమాలుతో వేళ్లు తుడుచుకుని నాతో నెమ్మదిగా అన్నాడు.

"చూడండి, ఎవరిదో తెలియనంతవరకే ఇది అందరిదీ. ఒక ఇంటిదని తేలితే ఈ కూడలిలో రేపే రాళ్లు పడతాయి. మీరు చూసింది మీ ఊరికి తీసుకుపోండి, ఇక్కడ వద్దు." తర్వాత మునిరాజు వైపు తిరిగాడు. "మూసేయ్. ఇప్పుడే, నా ముందరే. ఇక తడి ఆరేది ఏమీ లేదు."

నిన్నటిదాకా రుజువు లేదని మూయించాలనుకున్నాడు. ఇవాళ రుజువు దొరికిందని మూయిస్తున్నాడు. నేను ఏదో అనబోయాను. మునిరాజు నాకంటే ముందే జవాబిచ్చాడు.

"సెరి సార్. నేనే మూస్తాను" అన్నాడు.

అతను అంత తేలిగ్గా ఒప్పుకోవడం నాకు నచ్చలేదు. పక్కకు వెళ్లి నిలబడి, పాత అలవాటు కొద్దీ అతని చేతుల్నే చూశాను. చుట్టూ అంచుల్లో సిమెంటు పెట్టి ఇటుకలు కట్టాడు. ఇంతలో ఫోను మోగి సెక్రటరీ నాలుగడుగులు అటు వేశాడు. మునెమ్మ సంచి మీద నుంచి లేచింది. మునిరాజు ఆ సంచి మూతి విప్పి చట్టినిండా ఎర్రమట్టి తీసి నీళ్లు పోసి కలిపాడు. రాయి ఉండిన పొలం గట్టు మట్టి అది, ఇండూరు దారిలో చూశాను. మధ్యలో, సరిగ్గా ఒక మనిషి వీపు పట్టేంత మేర, ఇటుకలన్నీ ఆ మట్టితోనే పేర్చాడు. పైన పలచగా సిమెంటు పూత పూసి చదును చేశాడు. రెండు గునపం పోట్లు వేస్తే మొత్తం ఊడి వస్తుంది. మళ్లీ ఎవరైనా ఆ ఇంటి నుంచి దూరం పోవలసి వస్తే తలుపు తీసినట్టు తీసుకోవచ్చు.

సెక్రటరీ ఫోను జేబులో పెట్టుకుని వచ్చాడు. గోడను చూశాడు, మునిరాజును చూశాడు, ఖాళీ సంచిని కూడా చూశాడు.

"ఈ మనిషి మీద నాకు నమ్మకం లేదు. సార్, మీరు పనులు తనిఖీ చేసినవారు. పని సరిగా ఉందా, చూసి చెప్పండి" అన్నాడు.

మునిరాజు తాపీ కడుగుతూ తల ఎత్తలేదు. మునెమ్మ నా వైపే చూస్తోంది. రేవతి పెట్టె భుజానికెత్తుకుని నిలబడిపోయింది. నేను గోడ దగ్గరికి వెళ్లి పూత చుట్టూ చూశాను. అంచులో, సిమెంటు కింద నుంచి, వేలి గోరంత ఎర్రమట్టి తొంగిచూస్తోంది. దాని మీద అరచెయ్యి పెట్టి అక్కడే నిలబడ్డాను.

ఉద్యోగంలో నేను ఇలాంటి గోడను ఒక్కదాన్ని కూడా వదల్లేదు.

"బాగా కట్టాడండి" అన్నాను. "పైన ఇంకో చెయ్యి పూత వేస్తే చాలు."